పంపు బరువు ఎవరు మోయాలి?

తెల్లవారుజామున నాలుగు గంటలు. రాయపూర్ నగరంలోని దేవేంద్ర నగర్ ఇంకా నిద్రలోనే ఉన్నది. పగటిపూట సమీపంలోని పండ్రి బజారు వైపు సాగే వాహనాల రొద ఈ వేళ వినిపించదు. సరిగ్గా ఇటువంటి సమయంలో ఒక నాలుగంతస్తుల భవనం అడుగున మోటారు తిరగడం మొదలుపెట్టిందనుకోండి. సంపులోని నీరు గొట్టం వెంట మేడమీది ట్యాంకుకు ఎక్కుతుంది. అంతవరకు అందరికీ ఆనందమే. కాని రెండవ అంతస్తులో నిద్రపట్టని ఒక వృద్ధుని తలాపి దగ్గర గోడ సన్నగా గొణుగుతూ ఉంటుంది. పంపు ఉన్నది ముప్పై అడుగుల దూరంలో. గొణుగుతున్నది మాత్రం ఆయన గోడ.

మరునాడు ఆయన ఫిర్యాదు చేస్తాడు. భవన సంఘం వారు సమావేశమై పంపు పాతబడిందని తీర్మానిస్తారు. వేలకు వేలు పోసి కొత్త పంపు తెచ్చి బిగిస్తారు. ఆ రాత్రి కూడా గోడ గొణుగుతూనే ఉంటుంది. ఆరు నెలలు తిరిగేసరికి కొత్త పంపు షాఫ్టు వద్ద నీరు కారుతుంది, సంవత్సరం తిరిగేసరికి బేరింగు అరుస్తుంది. అప్పుడు నింద పంపు తయారుచేసిన వారి మీదికి పోతుంది.

నిజానికి దోషం పంపులో లేకపోవచ్చు. ఆ పంపును ఏ ఆధారం మీద నిలిపారు, దాని బరువును దేనిపై మోపారు అన్న ప్రశ్న ఎవరూ వేయకపోవడమే దోషం కావచ్చు. ఇళ్ళు కట్టేవారు పునాదిని గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. పంపు పునాదిని మాత్రం చివరిరోజు సాయంత్రం, చేతికందిన నాలుగు ఇటుకలతో ముగిస్తారు.

చెరువుల ఊరు మేడల ఊరైన వేళ

రాయపూర్ ఒకప్పుడు చెరువుల నగరం. నగరం నడుమనున్న బూఢా తలాబ్ ఈనాటికీ వివేకానంద సరోవరం అన్న పేరుతో ఉన్నది. వివేకానందుడు బాల్యంలో కొంతకాలం ఈ నగరంలో గడిపినందువల్ల దానికి ఆ పేరు వచ్చింది. చెరువు నుండి బిందెతో ఇంటికి చేరిన నీటికి పంపుతో అవసరం లేదు. ఖారూన్ నది నీరు గొట్టాల ద్వారా వీధులలోకి వచ్చిన తరువాత కూడా ఒంటి అంతస్తు ఇళ్ళకు అది తనంత తానే అందేది.

2000వ సంవత్సరం నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడి, రాయపూర్ దానికి రాజధాని అయింది. అప్పటి నుండి మేడలు పెరిగాయి, వైద్యశాలలు పెరిగాయి, కార్యాలయాలు పెరిగాయి. దేవేంద్ర నగర్ వంటి పేటలలో నివాస గృహాల పక్కనే బహుళ అంతస్తుల భవనాలు వెలిశాయి. వీధి గొట్టంలోని ఒత్తిడి నాలుగవ అంతస్తు వరకు నీటిని ఎత్తజాలదు. కాబట్టి ప్రతి భవనంలోను పంపు అనివార్యమైంది. పెద్ద భవనాలలో ఒక్క పంపు చాలదు. తాగునీటికి ఒకటి, వేడినీటిని తిప్పడానికి ఒకటి, చల్లని గాలి యంత్రాలకు నీరు పంపడానికి మరికొన్ని, అగ్నిప్రమాదం జరిగితే ఆదుకోవడానికి ఇంకొకటి.

తెలుగువారికి ఈ ఊరు దూరమైనది కాదు. 1931లో పూర్తయిన రాయపూర్–విజయనగరం రైలుమార్గం ఈ రెండు ప్రాంతాలను దగ్గరకు చేర్చింది. రైల్వే కొలువులకు, ఉక్కు కర్మాగారం ఉన్న భిలాయికి, వ్యాపారాలకు తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ పరిసరాలలో స్థిరపడినవి. ఇక్కడి ఫిట్టరుకు ఎదురయ్యే సమస్యే విజయవాడలోను, వరంగల్లులోను ఫిట్టరుకు ఎదురవుతుంది. ఊరు మారినా నీటి బరువు మారదు.

గొట్టంలో ఇమిడిపోయే పంపు

నీటిని గిర్రున తిప్పి దూరంగా విసరడం వల్ల ఒత్తిడి పుట్టించవచ్చుననే సూత్రం పాతది. ఫ్రెంచి శాస్త్రవేత్త డెనిస్ పాపిన్ 17వ శతాబ్దపు చివరిలోనే ఇటువంటి పంపును నిర్మించాడు. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనలో జాన్ అపోల్డ్ వంపు రెక్కల చక్రంతో నడిచే పంపును చూపి, రెక్కకు వంపు ఇస్తే పని ఎంత మెరుగవుతుందో రుజువు చేశాడు. ఆ తరువాత చాలాకాలం పంపు అంటే నేలమీద పరచిన ఒక ఇనుప పీఠం, దాని మీద ఒక వైపున పంపు, మరొక వైపున మోటారు, రెండింటినీ కలుపుతూ అడ్డంగా ఒక షాఫ్టు. దానికి విశాలమైన స్థలం కావాలి, బరువైన కాంక్రీటు దిమ్మ కావాలి.

భవనాలలో స్థలం ప్రియమైనకొద్దీ మరొక రూపం ముందుకు వచ్చింది. ఇందులో నీరు వచ్చే ద్వారం, నీరు పోయే ద్వారం ఒకే గీత మీద ఎదురెదురుగా ఉంటాయి. సాధారణంగా రెండింటి కొలత కూడా ఒక్కటే. గొట్టంలో కొంత ముక్కను కోసివేసి, ఆ ఖాళీలో ఒక వాల్వును అమర్చినట్లుగా ఈ పంపును అమర్చవచ్చు. మోటారు పంపు నెత్తిమీద నిటారుగా నిలుచుంటుంది. దీనినే వర్టికల్ ఇన్‌లైన్ పంపు అంటారు. కెనడాకు చెందిన ఆర్మ్‌స్ట్రాంగ్ సంస్థ 1969లో ఈ తరహా పంపును భవనాల అవసరాలకు ప్రవేశపెట్టింది. ఒకదానిపై ఒకటిగా అనేక చక్రాలను పేర్చి ఒత్తిడిని మెట్టుమెట్టుగా పెంచే నిలువు పంపును డెన్మార్కుకు చెందిన గ్రుండ్‌ఫోస్ సంస్థ 1971లో తెచ్చింది. నేడు అపార్టుమెంట్ల కింద బారులు తీరి కనిపించే సన్నని స్తంభాల వంటి పంపులు ఆ కుటుంబానివే.

చూడడానికి రెండూ నిటారుగానే ఉన్నా, ఈ రెంటికీ ముఖ్యమైన భేదం ఒకటి ఉన్నది. అనేక చక్రాల పంపుకు అడుగున వెడల్పైన పాదం ఉంటుంది. అది నేలమీద నిలబడటానికే పుట్టింది. దానిని దిమ్మకు బోల్టులతో బిగించాలి. ఒంటి చక్రపు ఇన్‌లైన్ పంపు సంగతి వేరు. చిన్నదైతే గొట్టమే దానిని మోస్తుంది, పెద్దదైతే కింద నుండి ఊత కావాలి. ఈ భేదం తెలియక మొదటిదానిని గొట్టానికి వేలాడదీయడం, రెండవదానిని నేలకు కట్టివేయడం సాధారణంగా జరిగే పొరపాటు.

పల్లకి, బోయీలు

ముందుగా బరువు లెక్క చూడవలసి ఉన్నది. నాలుగంగుళాల గొట్టం, అనగా 100 మిల్లీమీటర్ల ఉక్కు గొట్టం, మీటరు పొడవున దాదాపు 12 కిలోల బరువు ఉంటుంది. దానిలో నిండిన నీరు మరొక 8 కిలోలు. మొత్తం మీటరుకు 20 కిలోలు. పది మీటర్ల గొట్టాన్ని ఆధారం లేకుండా వదిలితే రెండు వందల కిలోలు గాలిలో వేలాడుతున్నట్లే. ఆ కొలతకు తగిన పంపు, మోటారు కలిసి వంద కిలోలు దాటడం విశేషమేమీ కాదు. ఖాళీ గొట్టాన్ని చూసి ఆధారాలు నిర్ణయించే పనివాడు నీటి బరువును మరచిపోతాడు. నీరు నిండిన రోజున గొట్టం ఆ విషయం గుర్తుచేస్తుంది.

పూర్వం పెళ్ళికూతురిని పల్లకిలో మోసుకుపోయేవారు. పల్లకి నడుమ ఉంటుంది, బోయీలు ముందువెనుకల ఉంటారు. బోయీలు పల్లకికి దగ్గరగా ఉంటే కొయ్య నిటారుగా ఉంటుంది. దూరంగా నిలబడితే కొయ్య వంగి పల్లకి ఊగుతుంది. చిన్న ఇన్‌లైన్ పంపుకు సూత్రం ఇదే. పంపుకు ఇరువైపుల, ఫ్లాంజీలకు వీలైనంత దగ్గరగా రెండు హ్యాంగర్లు లేదా రెండు ఊతలు ఉండాలి. అక్కడినుండి మిగిలిన గొట్టానికి తన బరువును తానే మోసుకునే ఆధారాలు వేరుగా ఉండాలి. వంద మిల్లీమీటర్ల గొట్టానికి ఆధారానికి ఆధారానికి నడుమ నాలుగు మీటర్లకు మించిన ఎడం ఉండరాదు. యాభై మిల్లీమీటర్ల గొట్టానికి మూడు మీటర్లు దాటరాదు.

అయితే పల్లకికి, పంపుకు ఒక తేడా ఉన్నది. పల్లకి కొయ్య కింద వేలాడుతుంది. పంపు మోటారు మాత్రం గొట్టం మీద, నెత్తిన బిందెవలె నిలుచుంటుంది. బరువంతా పైన ఉన్నందువల్ల గొట్టం క్లాంపులో ఏమాత్రం తిరిగినా మోటారు పక్కకు ఒరుగుతుంది. అందుచేత గొట్టాన్ని పైకెత్తి పట్టుకోవడం ఒక్కటే చాలదు. అది తన చుట్టూ తాను తిరగకుండా, పక్కకు ఊగకుండా కూడా పట్టుకోవాలి. రెండు సన్నని కడ్డీలకు వేలాడదీసి చేతులు దులుపుకున్న పంపు మోటారు తిరగడం మొదలుపెట్టిన క్షణాన ఉయ్యాల ఊగుతుంది.

మరొక అలవాటు కూడా ప్రమాదకరమైనదే. మోటారు తలమీద ఒక ఇనుప వలయం ఉంటుంది. అది మోటారును ఎత్తి దించేందుకు మాత్రమే ఉద్దేశించినది. దానికి గొలుసు తగిలించి కప్పుకు కట్టి, ఆధారం ఇచ్చామని తృప్తిపడేవారు ఉన్నారు. పంపు, గొట్టం, నీరు కలిసిన బరువును శాశ్వతంగా మోయడానికి ఆ వలయాన్ని చేయలేదు. మోటారును అలా పైకి గుంజి ఉంచితే ఆ లాగుడు షాఫ్టు వరుసను కూడా చెడగొట్టగలదు.

ఊత కావాలి, బంధం కారాదు

పంపు పెద్దదైనప్పుడు గొట్టాన్ని నమ్ముకోవడం తగదు. అప్పుడు నేల నుండి ఒక ఊత లేపి, పంపు అడుగుభాగాన్ని దానిమీద ఆనించాలి. ఇక్కడనే అసలు చిక్కు వస్తుంది. ఆనించడమా, బిగించడమా?

ఉక్కు వేడికి సాగుతుంది. ముప్పై మీటర్ల గొట్టంలో 25 డిగ్రీల నీరు 60 డిగ్రీలకు వేడెక్కితే ఆ గొట్టం దాదాపు పన్నెండున్నర మిల్లీమీటర్లు, అనగా అర అంగుళం సాగుతుంది. వైద్యశాలలో వేడినీటి గొట్టానికి ఇది ప్రతిదినం జరిగే వ్యవహారమే. రాయపూర్‌లో చలికాలపు రాత్రికి, మే నెల మధ్యాహ్నానికి మధ్య తేడా కూడా సుమారు అంతే ఉంటుంది కాబట్టి, మేడమీద ఎండలో పరచిన గొట్టానికి సైతం ఈ సాగుడు తప్పదు. ఆ అర అంగుళం ఎక్కడికో ఒకచోటికి పోవాలి. గొట్టానికి వంపులు ఉంటే అవి కొంత సర్దుకుంటాయి. వంపులు లేక, పంపును నేలకు గట్టిగా కట్టివేస్తే, సాగిన గొట్టం నెట్టిన నెట్టుడంతా పంపు ఫ్లాంజీ మీద పడుతుంది. పోతఇనుము నెట్టుడును కొంతవరకు సహిస్తుంది. తరువాత వంగదు, పగులుతుంది.

అందువల్ల పెద్ద ఇన్‌లైన్ పంపును బరువుకు నేల ఆదుకోవాలి కాని కదలికకు నేల అడ్డుపడకూడదనేది ఈ పంపును రూపొందించిన వారి ఆలోచన. గొట్టం కొద్దిగా జరిగితే పంపు కూడా దానితోపాటు జరగాలి. పాదం కింద బోల్టులు ఉన్నా, వాటిని ఎంతవరకు బిగించాలో తయారీదారు ఇచ్చే పుస్తకం చెబుతుంది. ఫ్లాంజీ మీద ఎంత బలం పడవచ్చునో కూడా ఆ పుస్తకంలోనే ఉంటుంది. దురదృష్టవశాత్తు ఆ పుస్తకం పంపుతోపాటు వచ్చిన అట్టపెట్టెలోనే ఉండి, పెట్టెతోపాటే చెత్తకుప్పకు చేరుతుంది.

రబ్బరు మెడ చేసే మాయ

కదలికను, కంపనాన్ని తప్పించేందుకు చాలామంది ఒక సులభోపాయం ఎంచుకుంటారు. పంపుకు ఇరువైపుల రబ్బరు బెలోస్ తగిలిస్తారు. మెత్తని రబ్బరు మెడ ఉన్నది కనుక ఇక గొట్టం బాధ పంపుకు, పంపు బాధ గొట్టానికి తాకదని భావిస్తారు. ఆలోచన మంచిదే. కాని దానితో రెండు కొత్త బాధ్యతలు వచ్చి పడతాయి.

మొదటిది: మెత్తని రబ్బరు బరువు మోయదు. అంతవరకు గొట్టం మోస్తున్న పంపును ఇప్పుడు ఎవరూ మోయడం లేదు. కాబట్టి ఇరువైపుల బెలోస్ పెట్టిన క్షణం నుండి పంపు తన కాళ్ళమీద తాను నిలబడాలి. అప్పుడు దానిని పీఠానికి బిగించి తీరాలి. గొట్టం చివరలను కూడా వేరుగా కట్టుదిట్టం చేయాలి. ఇంతకుముందు చెప్పిన సూత్రానికి ఇది విరుద్ధంగా తోచవచ్చు, కాని కారణం ఒక్కటే. పంపు గొట్టంతో ఏకశరీరంగా ఉంటే దానితోపాటు కదలనివ్వాలి. గొట్టం నుండి వేరుపడితే వేరుగా నిలపాలి. సగం అటు, సగం ఇటు ఉంచడమే ప్రమాదం.

రెండవది: నీటి ఒత్తిడి ఆ రబ్బరును సాగదీయాలని చూస్తుంది. వంద మిల్లీమీటర్ల గొట్టంలో చదరపు సెంటీమీటరుకు ఆరు కిలోల ఒత్తిడి ఉన్నదనుకుంటే, రెండు కొసలను విడదీసే బలం కనీసం 470 కిలోలు. సుమారు అర టన్ను. పంపు నడిచినంతసేపు ఈ అర టన్ను బెలోస్‌ను లాగుతూనే ఉంటుంది. అందుకే బెలోస్‌కు ఇరుపక్కల అదుపు కడ్డీలు ఉండాలి, లేదా గొట్టం కదలకుండా బలమైన బంధం ఉండాలి. కడ్డీలు దండగ ఖర్చని తీసివేసిన చోట రబ్బరు ఉబ్బి, ఏదో ఒకనాడు చిట్లుతుంది.

ఆధారంలేని గొట్టం, మెత్తని కీళ్ళు కలిసినప్పుడు ఏమి జరుగుతుందో ప్రపంచం ఒకసారి చూసింది. ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరో వద్ద నైలానుకు ముడిసరుకు తయారుచేసే కర్మాగారం ఒకటి ఉండేది. 1974 మార్చిలో అక్కడ వరుసగా ఉన్న ఆరు పాత్రలలో అయిదవది పగుళ్ళిచ్చింది. దానిని తొలగించి, నాలుగవ దానికి ఆరవ దానికి మధ్య ఇరవై అంగుళాల గొట్టాన్ని తాత్కాలికంగా అమర్చారు. గొట్టంలో వంకర ఉన్నది, దాని రెండు కొసలలో బెలోస్ ఉన్నాయి. దాని ఆకృతిని కర్మాగారం నేలమీద సుద్దముక్కతో గీసుకున్నారు, ఒత్తిడి వల్ల పుట్టే బలాన్ని సరిగా లెక్క వేయలేదు. ఆ బలం ముప్పై టన్నులకు పైగా ఉన్నది. గొట్టానికి ఆసరాగా ఉన్నది కేవలం పరంజా కడ్డీలు.

రెండు నెలలు అది నిలిచింది. జూన్ 1వ తేదీ శనివారం సాయంత్రం గొట్టం ఊడింది. వెలువడిన ఆవిరి మేఘం అంటుకుని పేలింది. 28 మంది మరణించారు. శనివారం గనుక కార్యాలయాలలో ఎవరూ లేరు. లేకుంటే మృతుల సంఖ్య ఎన్నోరెట్లు ఉండేది.

అపార్టుమెంటు గొట్టంలో ప్రవహించేది నీరే, మండే ద్రవం కాదు. అటువంటి ఘోరం ఇక్కడ జరగదు. కాని సూత్రం ఒక్కటే. మెత్తని కీలు పెట్టినవాడు దాని ఇరువైపుల ఏది ఆధారమో, ఏది బంధమో ముందుగా చెప్పగలగాలి.

వీణ కుండ, భవనం గోడ

ఇక వృద్ధుని గోడ సంగతి. వీణ తీగను కుండ లేకుండా మీటితే వినిపించీ వినిపించని ధ్వని వస్తుంది. అదే తీగ పనసకొయ్య కుండమీద ఉంటే సభ అంతా వింటుంది. భవనంలో గొట్టం తీగ వంటిది, గోడ, శ్లాబు కుండ వంటివి. నిమిషానికి 1450 చుట్లు తిరిగే మోటారు సెకనుకు 24 సార్లు గొట్టాన్ని కదిలిస్తుంది. ఆ గొట్టం క్లాంపు ద్వారా నేరుగా గోడకు బిగించి ఉంటే, గోడ పాడటం మొదలుపెడుతుంది.

దీనికి మందు ఆ తీగకు, కుండకు నడుమ మెత్తని పదార్థాన్ని ఉంచడం. ఎంత మెత్తన అన్నది లెక్క. బరువు పడినప్పుడు 3 మిల్లీమీటర్లు అణగే రబ్బరు ప్యాడు మీద పంపు తనంత తాను సెకనుకు 9 సార్లు ఊగుతుంది. 25 మిల్లీమీటర్లు అణగే స్ప్రింగు మీద సెకనుకు సుమారు 3 సార్లు ఊగుతుంది. ఈ సంఖ్య మోటారు వేగమైన 24కు ఎంత దూరంగా, ఎంత తక్కువగా ఉంటే కంపనం అంత తక్కువగా కిందికి దిగుతుంది. నేలమాళిగలోని పంపుకు రబ్బరు చాలవచ్చు. మేడమీది అంతస్తులో, పడకగది నెత్తిన ఉన్న పంపుకు స్ప్రింగు అవసరం. పంపు కింద స్ప్రింగు పెట్టి, దానికి తగిలిన గొట్టాన్ని గోడకు గట్టిగా బిగిస్తే ప్రయోజనం లేదు. పంపుకు దగ్గరలోని కొన్ని హ్యాంగర్లకు కూడా స్ప్రింగు ఉండాలి. దొంగకు ముందు తలుపు మూసి పెరటి తలుపు తీసి ఉంచినట్లు కాకూడదు.

శబ్దానికి మరొక కారణం నీటి తాకిడి. పంపు ఆగినప్పుడు పైకెక్కుతున్న నీరు వెనుదిరుగుతుంది, నాన్‌రిటర్న్ వాల్వు టక్కున మూసుకుంటుంది. సెకనుకు ఒక మీటరు వేగంతో కదులుతున్న నీరు ఉక్కు గొట్టంలో హఠాత్తుగా ఆగితే, ఒత్తిడి ఒక్కసారిగా చదరపు సెంటీమీటరుకు సుమారు 12 కిలోలు పెరుగుతుంది. గొట్టం ఉలిక్కిపడి, వదులుగా ఉన్న ప్రతి క్లాంపును కుదిపివేస్తుంది. నెమ్మదిగా, వెనుకకు ప్రవాహం మొదలు కాకముందే మూసుకునే వాల్వును ఎంచుకుంటే ఈ దెబ్బ తగ్గుతుంది.

మంచి ఫిట్టరు చేసే పని

అనుభవజ్ఞుడైన ఫిట్టరు పంపును ముందుగా బిగించి గొట్టాలను దాని దగ్గరకు గుంజుకురాడు. ఆధారాలను ముందు నిలిపి, గొట్టాలను వాటిమీద ఉంచి, వాటి మధ్యలోకి పంపును చేరుస్తాడు. ఫ్లాంజీలు రెండూ సమాంతరంగా ఉన్నాయో లేవో చూస్తాడు. రంధ్రాలు ఎదురెదురుగా కుదిరి, బోల్టు చేతితోనే దూరిపోవాలి. కడ్డీ పెట్టి మీటి, బోల్టు బలంతో ఫ్లాంజీని దగ్గరకు లాగవలసి వచ్చిందంటే ఆ గొట్టం పంపును జీవితాంతం మెలిపెడుతూనే ఉంటుంది. కారిపోయే సీలు, అరిచే బేరింగు చాలాసార్లు ఆ మెలిక ఫలితమే.

రసమట్టం పెట్టి మోటారు నిటారుగా ఉన్నదో లేదో చూస్తాడు. మోటారును ఎన్నడూ గొట్టానికి కింద వేలాడనివ్వడు, ఎందుకంటే సీలు కారిన ప్రతి చుక్కా నేరుగా మోటారులోకి దిగుతుంది. వేడినీటిని తిప్పే చిన్న పంపులలో కొన్నింటికి మోటారు లోపలి భాగం నీటిలోనే తిరుగుతుంది. అటువంటి వాటిలో షాఫ్టు నిటారుగా కాక అడ్డంగా ఉండాలి, లేకుంటే గాలి చేరి బేరింగులు ఎండిపోతాయి. ఒకే తరహా వస్తువులని పైకి కనిపించే వాటికి నియమాలు తలకిందులు కావడానికి ఇది ఒక ఉదాహరణ.

పంపు మీద కప్పుకు, మోటారుకు నడుమ ఎంత ఖాళీ వదలాలో కూడా అతడు ఆలోచిస్తాడు. మోటారును పైకెత్తితేగాని సీలు మార్చడం కుదరని పంపులు ఉన్నాయి. నెత్తిన శ్లాబు అంటుకుని ఉంటే, వంద రూపాయల సీలు కోసం గొట్టమంతా విప్పవలసి వస్తుంది. కప్పుకు హ్యాంగరు తగిలించేటప్పుడు అది కాంక్రీటులోనే దిగాలి, ఇటుకలోనో అలంకారపు కప్పులోనో కాదు. ఆ శ్లాబు ఎంత బరువు మోయగలదో చెప్పవలసినది ఫిట్టరు కాదు, భవనం లెక్కలు వేసిన ఇంజనీరు.

భూకంపాల మాట కూడా మరువరాదు. భారత ప్రమాణాల సంస్థ 2016లో సవరించిన నియమావళి రాయపూర్‌ను తక్కువ ప్రమాదం ఉన్న రెండవ మండలంలో చేర్చింది. కాని మధ్య భారతం సురక్షితమనే ధీమాను 1997 మే 22న జబల్‌పూర్‌లో వచ్చిన భూకంపం చెదరగొట్టింది. స్ప్రింగులమీద ఉన్న పంపుకు, కడ్డీలకు వేలాడే గొట్టానికి హద్దు మీరి ఊగకుండా ఆపే అడ్డుకట్టలు కూడా ఉండడం వివేకం. అగ్నిమాపక పంపు విషయంలో ఇది మరింత అవసరం. ఇతర పంపులు ఆగిపోయినప్పుడు కూడా పనిచేయవలసినది అదే.

నాలుగు ప్రశ్నలు

పంపును గురించి ఏమీ తెలియని గృహస్థుడు సైతం నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. పంపును తొలగిస్తే గొట్టం ఉన్నచోటనే నిలుస్తుందా, కిందికి కుంగుతుందా? కుంగితే ఆ గొట్టాన్ని ఇంతకాలం పంపు మోస్తున్నదని అర్థం. గొట్టాన్ని పట్టుకున్న చివరి ఆధారం పంపుకు ఎంత దూరంలో ఉన్నది? బెలోస్ ఉంటే దాని కడ్డీలు ఎక్కడ? పంపు నడుస్తుండగా గోడ దాటే చోట గొట్టం సిమెంటును నేరుగా తాకుతున్నదా, నడుమ ఏదైనా మెత్తని పొర ఉన్నదా?

ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడానికి పెద్ద ఖర్చు లేదు. రెండు అదనపు హ్యాంగర్లు, నాలుగు రబ్బరు ముక్కలు, ఒక పూట పని. కొత్త పంపు ధరలో ఇది చిన్న భాగం. అయినా అది చివరికి వాయిదా పడుతుంది. కారణం, పంపు ధర రసీదులో కనిపిస్తుంది, ఆధారపు విలువ ఏ రసీదులోను కనిపించదు. భవనం కట్టే కాంట్రాక్టరు దానిని ప్లంబరు పని అంటాడు. ప్లంబరు కాంక్రీటు దిమ్మ మేస్త్రీ పని అంటాడు. మేస్త్రీ తనకు ఎవరూ కొలతలు ఇవ్వలేదంటాడు. ముగ్గురి నడుమ పంపు నాలుగు ఇటుకలమీద నిలబడుతుంది.

ఫ్లిక్స్‌బరోలో కూడా జరిగినది ఒక విధంగా ఇదే. అప్పుడు అక్కడ కర్మాగారపు ఇంజనీరు పదవి ఖాళీగా ఉన్నది. ఆ గొట్టానికి ఆధారం చాలునా అని అడగవలసిన అధికారి కుర్చీలో ఎవరూ లేరు.

దేవేంద్ర నగర్ భవనంలో ఆ కుర్చీ ఎవరిదో భవన సంఘమే నిర్ణయించుకోవాలి. ఒక ఆదివారం ఉదయం ఫిట్టరును, మేస్త్రీని ఒకేసారి పిలిపించి, పంపు దగ్గర నిలబెట్టి ఆ నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. పని పూర్తయిన తరువాత మంచి ఫిట్టరు ఒక రూపాయి నాణాన్ని మోటారు నెత్తిన నిలువుగా పెట్టి స్విచ్చి వేస్తాడు. నాణెం పడిపోకుండా నిలబడితే నవ్వుకుని జేబులో వేసుకుంటాడు. ఇది శాస్త్రీయమైన కొలమానం కాకపోవచ్చు. కాని ఆ రాత్రి రెండవ అంతస్తులోని వృద్ధుడు నాలుగు గంటలకు మేలుకొని గోడకు చెవి ఆనిస్తే, పైకి పోయే నీటి సవ్వడి తప్ప మరేమీ వినిపించదు.